మా అక్క మోకాళ్ళ కోసం ప్రార్థన

మా టీచరమ్మ ప్రభువునందు నిద్రించారని ఆమె కోడలు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. నేను ప్రొద్దుటూరులో కాలేజీ లైబ్రరీకి బయలుదేరుతూ జడ వేసుకుంటున్నాను. ఫోన్ పెట్టేశాక వెంటనే ఏడుపు రాలేదు. చెబితే ఛీ అంటారు, అయినా చెప్పాలి. నాకు ముందు వచ్చిన ఆలోచన, ఇక ఆమెకు ఆ సంగతి తెలిసే దారి లేదు అని. ఊపిరి తేలికైంది. ఆ తేలికను తలచుకున్నాకే ఏడ్చాను.

ఆమె జమ్మలమడుగులో చిన్న బడి టీచరుగా చేసి రిటైరయ్యారు. నా చేత అక్షరాలు దిద్దించింది ఆమే. పెళ్ళై ప్రొద్దుటూరు వచ్చినా ఆదివారం మాత్రం బస్సెక్కి పుట్టింటి చర్చికే పోయేదాన్ని. ఆరాధన అయ్యాక వాళ్ళింటి వరండాలో, ఆమెతో కలిపి ఐదుగురు ఆడవాళ్ళం చాప పరచుకుని బైబిలు చదివేవాళ్ళం. అన్నం తిన్న మత్తులో ఎవరికైనా కునుకు పడితే ఆమె తిట్టేవారు కాదు. తరువాతి వచనం చదవమని పుస్తకం వాళ్ళ చేతికే ఇచ్చేవారు.

ఆ కూడికకు ఒక పద్ధతి ఉండేది. మిగతాచోట్ల వారానికొక అధ్యాయం చదివి, అర్థం చెప్పుకుని, ప్రార్థన చేసి లేస్తారు. ఈమె దగ్గర అట్లా కుదరదు. చదివిన మాటను ఐదుగురమూ చేసి వచ్చి చెప్పేదాకా తరువాతి మాటకు పోయేది లేదు. చేశామంటే ఆ వచనం పక్కన పెన్సిలుతో ఒక చుక్క పెట్టేవారు. ఐదు చుక్కలు పడితేనే ముందుకు. కొండమీది ప్రసంగంలో సగం అధ్యాయానికే మాకు ఏడాది దాటింది.

“బిరబిరా సదివేటోళ్ళు శానామంది ఉండారు పాపా. మనం నిదానంగా పోదాం,” అనేవారు.

కోపం గురించిన మాట దగ్గర ఆమె వల్లే మూడు వారాలు ఆగిపోయాం. “ఈ వారం గూడా నాకు సుక్క ల్యా. పాలు పోసే ఆమెను నోటికొచ్చినట్టు అన్నా,” అని అందరి ముందూ చెప్పేశారు. మేము నవ్వాం, ఆమే నవ్వారు. అంత సులువుగా చెప్పేయవచ్చని నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది.

తరువాత వచ్చిన మాట మీకూ తెలిసిందే. నీ మీద ఎవరికైనా మనసులో బాధ ఉందని గుర్తొస్తే, బలిపీఠం దగ్గరికి తెచ్చిన కానుక అక్కడే వదిలి, ముందు పోయి సమాధానపడాలి. నాకు గుర్తు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. మా అక్క పులివెందులలో ఉంటుంది, వాళ్ళకు చీనీ తోట, అదే బత్తాయి తోట ఉంది. మంచం పట్టిన అమ్మను తన ఇంట్లోనే పెట్టుకుని మూడేళ్ళు ఆమే చూసుకుంది. నేను పండుగకు పోయి, పండ్ల సంచి ఇచ్చి, సాయంత్రం బస్సుకు వచ్చేసేదాన్ని. అమ్మ పోయిన రోజు స్నానం చేయిస్తుంటే వీపు మీద పుండ్లు చూశాను. ఇంటినిండా జనం ఉండగా, “ఒక దినమన్నా పక్కకు తిప్పి ఇంత నూనె పూసినావా?” అని అక్క మీద అరిచాను. అక్క అమ్మ వీపు తుడుస్తూనే ఉంది. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు.

మిగతా నలుగురికీ చుక్కలు పడ్డాయి. నా ఒక్కదాని వల్ల ఆరు వారాలు పేజీ కదల్లేదు. మా గుంపులో బట్టలు కుట్టే ఆమె ఒకరుంది, నోరు ఊరుకోదు. “ఏందక్కా, పులివెందుల ఏమన్నా సముద్రం అవతలుండాదా? ముద్దనూరు మింద బస్సుండాది కదా,” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తరువాతి ఆదివారం చాప మీద కూర్చుంటూనే, “పోయొచ్చినా,” అన్నాను.

అంతటితో ఊరుకోవచ్చు కదా! అక్క వాకిట్లోనే పట్టుకుని ఏడ్చిందన్నాను. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చేసి పెట్టిందన్నాను. టీచరమ్మ కళ్ళద్దాలు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. “ఎంత మంచి మాట చెప్పినావు పాపా,” అని నా తల మీద చెయ్యి పెట్టి స్తోత్రం చేశారు. చుక్క పెట్టారు. మేము ముందుకు పోయాం. కొన్నాళ్ళకు, అవునంటే అవునని, కాదంటే కాదని ఉండమనే మాట వచ్చింది. సిగ్గు లేకుండా దానికీ చుక్క పెట్టించుకున్నాను.

ఆమె నా సంగతి చర్చిలో కూడా సాక్ష్యంగా చెప్పారు. అది విని ఆ బట్టలు కుట్టే ఆమె మైదుకూరు పోయి, పదేళ్ళుగా మాటల్లేని అత్తను ఇంటికి తెచ్చుకుంది. “అంతా నీ పుణ్యమే అక్కా,” అని నా చేతులు పట్టుకుంటే చేతులు దాచుకోవాలనిపించింది.

ఒక ఆదివారం టీచరమ్మ, “మీ అక్కను ఒక తూరి పిల్సకరా, సూడాలనుండాది,” అన్నారు. “మోకాళ్ళ నొప్పులు టీచరమ్మా, బస్సు ఎక్కలేదు,” అన్నాను. అక్క మోకాళ్ళు ఎట్లున్నాయో నాకేం తెలుసు? అప్పటికి ఆమెను చూసి రెండేళ్ళు దాటింది. ఆ రోజు నుంచి రెండేళ్ళ పాటు ప్రతి వారం మా అక్క మోకాళ్ళ కోసం ప్రార్థన. అందరం కళ్ళు మూసుకునేవాళ్ళం. ఆమేన్ అని అందరికంటే గట్టిగా నేనే అనేదాన్ని. “ఇప్పుడు మెట్లెక్కుతాందా?” అని అడిగితే, ఒక వారం తగ్గిందనేదాన్ని, ఒక వారం మళ్ళీ వచ్చిందనేదాన్ని. తగ్గిందన్నప్పుడు ఆమె ముఖం వెలిగిపోయేది.

చివరి నెలల్లో ఆమె మంచం మీద ఉంటే, చెప్పేయాలనే పోయాను. ప్రొద్దుటూరు మార్కెట్లో కొన్న చీనీకాయలు పట్టుకుపోయాను. గదిలోకి అడుగు పెట్టగానే, “మీ అక్క తోటవా?” అని అడిగారు. అవునన్నాను. వలిచి ఇస్తే రెండు తొనలు తిని, “ఆయమ్మ మనసు మాదిరే తియ్యగుండాయి,” అన్నారు. చెప్పకుండానే వచ్చేశాను.

సమాధి చేశాక పెట్టిన ఆదరణ కూడికలో నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. నాకు చదువు నేర్పారని ఒక్క ముక్క అని కూర్చున్నాను. అయిపోయాక కోడలు వంటింట్లోకి పిలిచి, పాత టానిక్ సీసా ఒకటి చేతిలో పెట్టింది.

“వదినా, ఇది మీ అక్కకంట. పోయేదానికి పది దినాల ముందు అత్త మంచం మీంచే చెప్పి నా చేత కాపిచ్చింది. నువ్వుల నూనె, వాము, కర్పూరం. పాప వస్తే ఇయ్యి, మర్సిపోవాకు అనింది.”

ఈ సంగతి తరువాత విన్నవాళ్ళు, ఆమెకు ముందే తెలిసి ఉంటుందిలే, నువ్వే చెబుతావని ఎదురుచూసి ఉంటుందిలే అంటున్నారు. నేను ఒప్పుకోను. అది నాకు నేను చెప్పుకునే ఇంకో అబద్ధం అవుతుంది. ఆమెకు తెలియదు. నేను చెప్పిన మాట నమ్మారు, అంతే. రాని నొప్పికి నూనె కాయించి పోయారు.

ఆ రోజు ప్రొద్దుటూరు బస్సు ఎక్కలేదు. పులివెందుల బస్సెక్కాను.

తలుపు తీసిన అక్కకు జుట్టంతా నెరిసి ఉంది. నన్ను చూసి పక్కకు జరగలేదు. “ఏంది?” అంది.

సీసా చూపించాను. “నీ మోకాళ్ళకు.”

“నా మోకాళ్ళకేమైంది? బాగుండాయి కదా.”

గడప బయటే నిలబడి అంతా చెప్పాను. బజ్జీ, చీనీకాయలు, నొప్పులు, ప్రార్థనలు. అమ్మ పోయిన రోజు నేనన్న మాట తప్పని, ఏమీ చూడకుండా అన్నానని చెప్పాను. అక్క సీసా తీసుకుంది. మూత తిప్పి వాసన చూసింది. చాలాసేపు మూత పెట్టలేదు.

“అమ్మ వీపుకు దినామూ నేను పూసింది గూడా ఇదే మాదిరి నూనె. కర్పూరమేసి నేనే కాస్తాంటి. నువ్వు ఏ పొద్దు ఉండి సూసినావు?”

అక్క సీసా మూత బిగించి మళ్ళీ అడిగింది.

“ఆయమ్మ నా మోకాళ్ళకు ప్రార్థన చేస్తాన్నిందా?”

“ఊఁ.”

“రెండేండ్లా?”

“ఊఁ.”

అక్క లోపలికి రమ్మనలేదు. బయటికొచ్చి అరుగు మీద కూర్చుని, కాళ్ళు చాపి, చీర మోకాళ్ళ పైకి లాక్కుంది.

“తెచ్చినావు కదా. పూయి,” అంది.

నేల మీద కూర్చున్నాను. నొప్పి లేని ఆ మోకాలికి నూనె రుద్దుతూ తలెత్తలేకపోయాను. వీధిలో పోయేవాళ్ళు చూస్తున్నారు. కర్పూరం వాసన ఇద్దరి మధ్యా నిండిపోయింది. చాలాసేపటికి అక్క రెండో కాలు ముందుకు జరిపి, “దీనికి గూడా,” అంది.