ఉప్పు మత్రావి అర్థం చెప్పిన చరణం

మదురా దీవిలోని సుమెనెప్ సంతలో ఉప్పు అమ్మే మత్రావి ఎవరితోనైనా వాళ్ల మాటలోనే బేరమాడతాడు. పల్లె ఆడవాళ్లతో మదురా భాష, ఓడల వాళ్లతో ఇండోనేషియా భాష. మాట్లాడుతున్నంత సేపూ అతని కుడిచేతి వేళ్లు ఉప్పుగల్లును నలుపుతూనే ఉంటాయి. ఆ ఊళ్లో పాత సూఫీ పద్యాలు ఒకరు పాడి ఆగితే, పక్కన కూర్చున్నవాడు వాటిని ఇంటి మాటల్లో చెప్పాలి. ఇన్నాళ్లూ అర్థం చెప్పిన అతని పిల్లనిచ్చిన మామ కిందటి నెల పోయాడు. ఈ సాయంత్రం ఒక గర్భిణి ఏడో నెల వేడుకలో మామ కూర్చునే చాప మీద మత్రావి కూర్చున్నాడు. తడబడితే ఇకమీదట పొరుగూరి మనిషినే పిలుస్తారు.

"ఇది సంత కాదు బావా, కాస్త మెల్లగా చెప్పు" అన్నాడు పాడే మిస్నాదిన్.

"ముందు నువ్వు శ్రుతిలో పాడు" అన్నాడు మత్రావి.

దేవుణ్ణి వెతుకుతూ పోయినవాడు ఆయనలోనే కలిసిపోయాడన్న చరణం పాడి మిస్నాదిన్ ఆగాడు. మామ చెప్పే గంభీరమైన మాటలు మత్రావి నోటిదాకా వచ్చి నిలిచిపోయాయి. వేళ్లు ఊరికే గాలిని నలిపాయి.

"కూరలో ఉప్పేదని అడిగితే ఏం చూపిస్తాం? రుచి చూడమంటాం. ఆ మనిషీ అంతే. కనబడడు, కానీ ఉన్నాడు."

"ఆ చరణం మళ్లీ పాడించు" అంది ఇంటి పెద్ద సహామా అవ్వ. అర్థం సరిగా కుదరనప్పుడే అలా మళ్లీ పాడిస్తారు. మత్రావి తల దించుకున్నాడు.

"కడుపుతో ఉన్న కోడలు వంటింట్లో ఉంది నాయనా. దాన్ని రానీ, నువ్వు చెప్పింది అదీ వినాలి" అంది అవ్వ.

మిస్నాదిన్ మళ్లీ ఎత్తుకున్నాడు. మత్రావి వెన్ను నిటారుగా నిలిపి, తొందరపడకుండా, చరణం పూర్తయ్యేదాకా కూర్చున్నాడు.