నల్లదారం కట్టిన పొట్లం

దయ్యాలు, చేతబడి, బాణామతి అంటే నాకు మొదట్నుంచీ ఒళ్లుమంట. ఎవరైనా ఆ మాటెత్తితే అక్కడినుంచి లేచిపోయే రకాన్ని. ఇది విన్నాక మీరు నన్ను ఇంకోలా అనుకోవద్దని ముందే చెప్తున్నాను.

తొంభైల మొదట్లో బోధన్‌లో మా అన్న రాజన్న, వదిన లక్ష్మి, నేను ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. అన్న రెంజల్ వైపు చేలనుంచి ట్రాక్టర్‌లో ఫ్యాక్టరీకి చెరుకు తోలేవాడు. వదినా నేనూ బీడీలు చుట్టేవాళ్లం. చలికాలం వస్తే అన్నకు దగ్గు. అందుకని వదిన రోజూ కొన్ని లవంగాలు తునికాకు ముక్కలో మడిచి, బీడీలు కట్టే దారంతోనే చుట్టి అతని జేబులో పెట్టేది. బీడీలు చుట్టే ఇళ్లలో పొట్లం కట్టడం అలాగే. ఎదురుగా ఆకు ఉండగా కాగితం ఎవరు వెతుక్కుంటారు?

ఒకరోజు బీడీ కార్ఖానా ఇచ్చిన ఎర్రదారం అయిపోయింది. వదిన ఇంట్లో ఉన్న నల్లదారంతో కట్టింది. ఆ రోజే రైలుగేటు దగ్గర ట్రాక్టర్ ఆగిపోయింది.

అప్పటికే అన్నకు కొన్ని వారాలుగా సరిగా నిద్ర లేదు. తనలో తాను గొణుక్కుంటున్నాడు. ఇంటికొచ్చి పొట్లం నా ముందు పడేశాడు.

"సూడు సుగుణా. నల్లదారం. నాకు బాణామతి చేసింది మీ వదిన. ఇంకేం కావాలె?"

"విప్పి సూడన్నా, లవంగాలే గద!"

"గందుకే పెట్టింది లవంగాలు. నాకు అనుమానం రావద్దని."

ఇక ఏం చెప్పినా అంతే. మర్నాడు వదిన ఎర్రదారం తెచ్చి కడితే, దొరికిపోయి మార్చిందన్నాడు. కట్టడం మానేస్తే, పని పూర్తయింది గనక మానిందన్నాడు. ఏడిస్తే నాటకం, ఏడవకపోతే గుండె రాయి. ఆమె వండింది ముట్టడం లేదు. చివరికి ఆదివారం కులపెద్దల ముందు నిలబెడతానన్నాడు. బాణామతి పేరు పడ్డవాళ్లను చెట్టుకు కట్టి పళ్లు ఊడగొట్టిన సంగతులు మేం విని ఉన్నాం.

"నన్నేం జేస్తరే సుగుణా?" అని వదిన నా చెయ్యి పట్టుకుని అడిగింది. అన్న మీద నాకు మండిపోయింది.

ఇదంతా ఉత్తదని తేల్చిపారేద్దామనుకున్నాను. వదిన చేత నల్లదారంతోనే పొట్లం కట్టించి, కొంగున ముడేసుకుని, శుక్రవారం పొద్దున ట్రాక్టర్ ఎక్కాను. అన్నను తోలనివ్వలేదు, నా పక్కన కూర్చోబెట్టాను. పక్కింటి ఖాదర్ భాయ్ తోలాడు. డీజిల్ నిండా ఉంది. రైలుగేటు తెరిచే ఉంది. సరిగ్గా అక్కడే ఇంజన్ ఆగిపోయింది.

ఖాదర్ భాయ్ దిగి అన్నీ చూశాడు. "ఖరాబ్ ఏం లేదమ్మా, పరేశాన్‌గున్నది" అన్నాడు. నేను పొట్లం విప్పి దూరంగా విసిరేశాను. మళ్లీ తిప్పితే ఇంజన్ వెంటనే అందుకుంది. అన్న నావైపు చూసి తలాడించాడు.

ఇంటికొచ్చేసరికి వదిన బీడీలు చుడుతోంది. "ఏమైందే?" అని తలెత్తింది. నేను ఆమె మొహం చూడలేదు, వేళ్లు చూశాను. చిన్నప్పుడు నాకు జడలేసిన వేళ్లు. ఏం లేదన్నాను. ఆమె చాయ్ పెట్టి ఇస్తే తాగలేకపోయాను. చాయ్ చల్లారింది. వదిన అది చూసింది.

అప్పుడు నామీద నాకే భయమేసింది. ఆదివారం పెద్దలు నన్నడిగితే ఏం చెప్తాను? శనివారం పొద్దున్నే, నిద్రకు మందిప్పిస్తానని అన్నను బతిమాలి నిజామాబాద్ తీసుకెళ్లాను. అక్కడ కంఠేశ్వర్‌లో మానసిక వైద్యుడొకాయన అంతా ఓపిగ్గా విన్నాడు.

"నల్లదారం లేకుండా ఆ బండి ఎప్పుడూ ఆగలేదామ్మా?" అని నన్నడిగాడు.

బోలెడుసార్లు ఆగింది. ముసలి బండి. ఒక్కటీ నాకు గుర్తు రాలేదు చూడండి, ఆయన అడిగేదాకా!

"తొందరపడి ఒకటి అనేసుకోవడం అందరం చేస్తాం. కాదని తెలిస్తే వెనక్కొస్తాం. మీ అన్నకు ఇప్పుడు ఆ వెనక్కి రావడం చేతకావట్లేదు. జబ్బమ్మా ఇది. మందులున్నాయి" అన్నాడు.

ఆదివారం అన్న మందు మత్తులో నిద్రపోయాడు. పెద్దలు కూడలేదు. కోలుకోవడానికి నెలలు పట్టింది. ఒకరోజు వదిన చేతులు పట్టుకుని, "నిన్ను గంత మాటన్ననా?" అని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ శుక్రవారం ట్రాక్టర్ ఎందుకు ఆగిందో మెకానిక్ కూడా చెప్పలేకపోయాడు. పోనీయండి, ఇనుముకు ఏదైనా కావచ్చు.

నాకు అంతుబట్టనిది వేరే ఉంది. వదిన ఇప్పటికీ ఎవరికేం పెట్టినా, ముందు తను ఒక ముద్ద నోట్లో వేసుకుంటుంది. అన్న వద్దంటాడు, కోప్పడతాడు, అయినా మానదు. అన్న హాయిగా తింటాడు. నేను బాణామతిని అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. కానీ ఆమె మింగేదాకా నా చెయ్యి కంచం దగ్గరికి పోదు.