హీటరు ఆగని అంబులెన్సు

చైనా యుద్ధం ముగిసిన మరుసటి వేసవి. మే నెల, పగలు పదకొండు గంటలకు దొరవారిసత్రం స్టేషన్లో దిగాను. అక్కడినుంచి నాలుగు మైళ్లు నడిస్తే పులికాట్ సరస్సు ఒడ్డున మా క్యాంపు. ఇసుక, ఉప్పుగాలి, ఇరవై గుడారాలు. నేను సైన్యంలో బండ్ల మెకానిక్కుని. చేతిలో పానాల పెట్టె, జేబులో ఆరు వారాల డ్యూటీ ఆర్డరు.

డాక్టరు కెప్టెన్ గారు నన్ను నేరుగా అంబులెన్సు దగ్గరికి తీసుకెళ్లారు. క్యాంపుకున్నది అదొక్కటే. లడఖ్ మంచులో పనిచేసి మా దగ్గరికి దిగివచ్చిన బండి కాబట్టి దానికి హీటరు ఉంది. ఇంజనులో కాగిన నీళ్లు గొట్టం గుండా లోపలికొస్తాయి. ఫ్యాను ఆ వేడిని రోగి పడుకునే చోటికి ఊదుతుంది. మే నెలలో, నెల్లూరు జిల్లాలో, అది ఆగడం లేదు.

డ్రైవరుది బుచ్చిరెడ్డిపాలెం. సాయిబుల పిల్లవాడు, నాకంటే రెండేళ్లు చిన్న. "మీట ఎటు తిప్పినా అంతేనన్నా. ఎండకేమో అనుకున్నా. తెల్లారి తోలినా పొయ్యిలో కూచున్నట్టే ఉండాది," అన్నాడు.

బానెట్ ఎత్తాను. మీట నుంచి వచ్చే తీగ తెగిపోయి ఉంది. గొట్టం మీది కుళాయిని ఎవరో ఇనప తీగతో కట్టి, తెరిచిపెట్టేశారు. తీగ కోసి కుళాయి బిగించాను. పది నిమిషాల పని. డ్రైవరు నా వీపు తట్టాడు. ఇద్దరం హైరోడ్డు దాకా తోలి చూద్దామని బయల్దేరాం. మూడో మైలులో రేడియేటర్ మూత దగ్గర ఆవిరి బుస్సుమంది. ఇంజను మరిగిపోయింది.

ఇంకో మూడు రోజుల్లో ఫైరింగ్ ప్రాక్టీసు. రెండు వందల మంది పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం దాకా ఎండలో ఉంటారు. అంబులెన్సు లేకుండా ఒప్పుకోనని డాక్టరు గారు తేల్చి చెప్పారు. కుళాయి మళ్లీ తెరిచెయ్యమని, కనీసం బండి నడుస్తుందని బండ్ల ఆఫీసరు అన్నాడు. రెండు రోజులు అడిగాను. మర్నాడు సాయంత్రం దాకా ఇచ్చాడు.

ఆ ముందురోజు దాకా మరగని ఇంజను కుళాయి మూయగానే ఎందుకు మరిగింది? మర్నాడు పొద్దున్నే ఇంజను స్టార్టు చేసి, వేడెక్కాక ఆపి, రేడియేటర్ మీద చెయ్యి వేశాను. పైన చెయ్యి కాలింది. కింద సగం చల్లగా ఉంది. అప్పుడర్థమైంది. రేడియేటర్ పూడిపోయి నీళ్లు కిందికి దిగడం లేదు. దాని పని ఇన్నాళ్లూ హీటరు చేస్తోంది. ఇంజను వేడినంతా తీసుకెళ్లి రోగి మీద పోస్తోంది.

రేడియేటర్ ఊడదీసి తలకిందులు చేశాను. నీళ్ల ట్యాంకరు పంపుతో కిందినుంచి పైకి నీళ్లు కొట్టాం. తుప్పు వచ్చింది, తరవాత చింతపండు గుజ్జులాంటి బురద. రెండు గంటలకు తేటనీళ్లు వచ్చాయి. ఇంజనులో థర్మోస్టాట్ అని చిన్న మూత ఉంటుంది. నీళ్లు కాగగానే అది తెరుచుకుని వాటిని రేడియేటర్‌లోకి వదలాలి. దారం కట్టి వంటాయన టీ గిన్నెలో వేలాడదీశాను.

"నా టీలో ఏం ఉడకేస్తా ఉండావబ్బయ్యా?" అన్నాడాయన.

నీళ్లు తెర్లినా అది సగమైనా తెరుచుకోలేదు. తీసి పారేశాను. మన ఎండలకు అది లేకపోయినా బండి నడుస్తుంది. హీటరుకు వెళ్లే రెండు గొట్టాలనూ విడదీసి, రాగి గొట్టం ముక్కతో ఒకదానికొకటి కలిపేశాను. సాయంత్రం అయిదున్నరకు హైరోడ్డు దాకా వెళ్లి తిరిగొచ్చాం. వేడి చూపే ముల్లు మధ్యలోనే నిలబడింది. డ్రైవరు ఫ్యాను ముందు అరచెయ్యి పెట్టి, "ఉత్త గాలేనన్నా," అన్నాడు.

ప్రాక్టీసు రెండో రోజు. పదకొండూ ఇరవైకి వైర్‌లెస్‌లో కబురు.

"గన్నర్ పడిపోయాడు. ఒళ్లు కాలిపోతోంది, చెమట లేదు. ఓవర్."

వడదెబ్బ. డాక్టరు గారు నా వైపు తిరిగారు.

"నెల్లూరు యాభై అయిదు మైళ్లు. చేరుస్తుందా?"

"చేరుస్తుంది సార్."

రేడియేటర్ మూత ఇంకోసారి బిగించి చూశాను. డ్రైవరు పక్కన ఎక్కాను. వెనక డాక్టరు గారు గన్నర్ మీద తడి దుప్పట్లు కప్పి, కిటికీలన్నీ తెరిపించారు. నాయుడుపేట దగ్గర ఆపి నీళ్లు పోద్దామా అని డ్రైవరు అడిగాడు. ముల్లు కదల్లేదు. వద్దన్నాను. గూడూరు దాటాక వెనకనుంచి రేకు మీద తట్టిన చప్పుడు. డాక్టరు గారి గొంతు.

"ఒంటి వేడి తగ్గుతోంది. ఆపొద్దు."

ఒంటిగంటా నలభైకి ఆసుపత్రి చేరాం. బండి చల్లారాక మూత తీసి చూశాను. గ్లాసెడు నీళ్లు కూడా తగ్గలేదు. గన్నర్ కళ్లు తెరిచాడని వార్డులోంచి కబురొచ్చింది. డ్రైవరూ నేనూ వరండాలో ఒకరినొకరు పట్టుకుని పెద్దగా నవ్వుతుంటే నర్సమ్మ వచ్చి కేకలేసింది.

జూన్‌లో క్యాంపు ఎత్తేశారు. నేను సెలవు మీద ఇంటికొచ్చాను. ఆ తరవాత ఎన్నో బండ్లు బాగుచేశాను, చాలావాటి నంబర్లు కూడా గుర్తులేవు. గుడారాలు విప్పిన రోజు పొద్దున చూసింది మాత్రం ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఆసుపత్రి నుంచి రైల్లో తిరిగొస్తున్న గన్నర్‌ను తీసుకురావడానికి స్టేషనుకు అంబులెన్సు పంపారు. నడిచే వస్తాను, ఎక్కనన్నాడట. సరస్సు ఒడ్డెంట, బూట్లు మెళ్లో వేసుకుని, ఉత్తకాళ్లతో ఇసుక తన్నుకుంటూ ఒక్కడే నడిచి వస్తున్నాడు. అతని వెనక, అతని అడుగులకు తగ్గట్టు మెల్లగా, ఖాళీ బండి.