ఖతీఫ్‌లో తమ్ముడి గోడ

తమ్ముడు సౌదీలోని దమ్మామ్‌లో చనిపోయిన నాలుగు నెలలకు నేను అక్కడికి వెళ్లాను. వాడితో కలిసి టైల్స్ వేసిన మల్లేశ్ నన్ను పక్క ఊరు ఖతీఫ్‌లో ఒక ముసలాయన ఇంటికి తీసుకెళ్లాడు. తమ్ముడు చివరగా పనిచేసిన గోడ అక్కడుంది. దాని మీద కరీబియన్ సముద్రంలోని ఒక పగడపు దీవి బొమ్మ, చుట్టూ చేపలు, అన్నీ రంగుల పింగాణీ టైల్స్. నాకు అలంకారాలు నచ్చవు. ఆ మాట ఫోన్‌లో వాడితో అన్నాను కూడా.

ముసలాయన అరబ్బీలో చెబుతుంటే మల్లేశ్ తెలుగు చేశాడు. "అన్నా, ఈయన కొడుకు ఈ గోడ పగలగొట్టి పెద్ద టీవీ పెడతా అన్నడట. ఒక్క టైలన్నా డొల్లగ మోగితే పగలగొట్టుకో అన్నడట ఈయన."

టైల్ వెనక సిమెంటు నిండకపోతే వేలితో తట్టినప్పుడు డొల్ల చప్పుడొస్తుంది. పని అప్పగించిన రోజు తమ్ముడే పట్టుబట్టి ఆయన చేత అన్నీ తట్టించాడట.

నేనూ కింది వరస నుంచి తట్టుకుంటూ వచ్చాను. పై వరసలకు ముసలాయన స్టూలు తెచ్చి, పడిపోకుండా పట్టుకున్నాడు. అన్నీ ఒకేలా గట్టిగా పలికాయి. వాడి అన్నగా ఆ ఇంట్లో నిలబడినందుకు గర్వపడ్డాను.

"మరి కొడుకు తట్టి చూసిండా?" అని అడిగాను.

మల్లేశ్ ఆయన్ని అడిగి నవ్వాడు. "మూడుసార్లు తట్టిండట అన్నా. ఇప్పుడు టీవీకి వేరే గోడ చూసుకుంటున్నడట."