మైలెద్దు కుంటుతున్నది

ఐదో తరగతిలో మా సారు నన్ను ఎద్దూ అని పిలిచేవాడు. ఆ మాటకు నొచ్చుకోవాల్సింది ఎడ్లే, ఎందుకంటే ఎద్దుకు బోధన్ దారి ఒక్కసారి చూపిస్తే చాలు, నాకు పన్నెండో ఎక్కం ఏడాదంతా చూపించినా రాలేదు. ఆ ఏడే బడి మానేసి బాపు ఎడ్లబండెక్కాను. ఇప్పుడు నిజామాబాద్‌లో ఆటో తోలుతున్నాను; బండి మారింది గానీ తోలేది అదే ఎద్దు. పోయిన నెల జక్రాన్‌పల్లి నుంచి వచ్చిన ఒక పెద్దామె కంఠేశ్వర్ దగ్గర దిగుతూ వేపనూనె సీసా సీట్లో ఒలకబోసింది. తర్వాత ఎక్కబోయినవాళ్లు ముక్కు మూసుకుని వేరే ఆటో చూసుకున్నారు. నేను మాత్రం బండి పక్కకు పెట్టి ఆ వాసనలోనే కూర్చుండిపోయాను.

పసుపు వేసి కాచిన వేపనూనె మా చిన్నప్పటి చలికాలం వాసన. చెరుకు నరికే రోజుల్లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ముందు బండ్ల వరుస రోడ్డు పొడుగునా సాగేది, ముందు బండి కదిలితే వెనక బండి కదిలేది, నడుమ ఎడ్లు నెమరేసేవి, మనుషులు బీడీలు కాల్చేవాళ్లు, పొగగొట్టం నుంచి మాడిన బెల్లం లాంటి వాసన దిగి మా అంగీలకూ జొన్నరొట్టెకూ ఎల్లిపాయ కారానికీ అంటుకునేది. మేం పిల్లలం పక్క బండ్లలోంచి గడలు గుంజుకుని, నమిలిన పిప్పితో కొట్టుకునేవాళ్లం. మరాఠీ బండ్లవాళ్లు వాళ్ల భాషలో తిడితే మేం మా భాషలో తిట్టేవాళ్లం, ఎడ్లు మాత్రం రెండూ అర్థమైనట్టే చెవులాడించేవి. పొలాల అమావాస్యకు వాటి కొమ్ములకు రంగులేసి, మెడకు గంటలు కట్టి, మొదటి బచ్చం, అంటే బొబ్బట్టు, వాటి నోట్లోనే పెట్టేవాళ్లు. నెయ్యి వాసనకు మా నోరూరుతున్నా అవి తిన్నాకే మాకు.

ఆ వరుసలో ఎద్దు కుంటిందంటే ముందు బండ్లవాళ్లూ వెనక బండ్లవాళ్లూ దిగొచ్చి చుట్టూ మూగేవాళ్లు. మనిషి కుంటితే మాత్రం, "ఏందిరా, పెండ్లికొడుకు లెక్క నడుస్తున్నవ్" అని నవ్వేవాళ్లు. అందుకేనేమో మా బాపు నోట నొప్పి అనే మాట నేనెప్పుడూ వినలేదు. బండి నొగ ఎడమ పాదం మీద పడ్డ రోజు కూడా ఇంటికొచ్చి గడపలో కూర్చుని, "మైలెద్దు కుంటుతున్నదే" అన్నాడు అవ్వతో. అమ్మను మేం అవ్వా అనే పిలిచేవాళ్లం. మైలెద్దంటే బండికి ఎడమపక్క కట్టే మా బూడిదరంగు ఎద్దు. నేను కొట్టంలోకి ఉరికి చూస్తే అది నాలుగు కాళ్ల మీదా నిలబడి చొప్ప నములుతున్నది. తిరిగొచ్చేసరికి అవ్వ నూనె కాచి, బాపు కాలు ఒళ్లో పెట్టుకుని ఉంది.

"ఎద్దు మంచిగనే ఉందే అవ్వా."

"నువ్వు పో, దానికింత గడ్డెయ్."

ఆ ఎడ్లను అమ్మేసి ఎన్నో ఏండ్లయింది. అవ్వ పోయింది. తర్వాత బాపు మతి కొద్దికొద్దిగా జారుతూ వచ్చి, ఈ చలికాలం ఒక్కసారే తెగిపోయినట్టయింది. అన్నం పళ్లెం తోసేశాడు, నడక మానేసి మంచం పట్టాడు, ఒళ్లు తుడవబోయిన నా భార్య లలితను చెయ్యెత్తి కొట్టాడు, చలికని తొడిగిన సాక్సులు ముట్టుకోనివ్వలేదు. పొద్దంతా ఒకటే కేక: "మైలెద్దు కుంటుతున్నది, ఎవడన్న సూడుండ్రిరా!"

డాక్టరు ఎక్కడైనా నొప్పి ఉందా అని అడిగితే, "నాకేం నొప్పి? ఎద్దును సూడు" అని కసిరాడు. మతిమరుపు ముదిరితే ఇంతేనని ఆయన నిద్రమాత్ర రాసి, కేకలు ఆగకపోతే రెండు వెయ్యమన్నాడు. మతి పోయినవాళ్లు నొప్పిని కూడా మరిచిపోతారేమోనని మేమూ అనుకున్నాం. నేనైతే రంకె వేసి, "కుంటుతలేను పటేలా, మంచిగనే ఉన్న" అని ఎద్దు గొంతుతో బదులు చెప్పేవాణ్ని. లలిత ఏడుపులోంచి నవ్వింది. బాపు నవ్వలేదు. మాత్ర మగతలో కూడా ఆయన చెయ్యి ఎడమ మోకాలి దగ్గర దుప్పటిని పిండుతూనే ఉండేది.

వేపనూనె వాసనలో కూర్చున్న నాకు అవ్వ ఒళ్లోని ఆ కాలు కనబడింది. ఆటో ఇంటికి తిప్పాను. లలిత అప్పటికే రెండో మాత్ర చేతిలో పట్టుకుని ఉంది.

"ఆగు" అన్నాను.

మీదపడి సాక్సు గుంజితే తంతాడు. ఎద్దు కాలెత్తాలంటే మెడ మీద చెయ్యేసి నిమురుతూ కిందికి రావాలని, దాని తలకాయ దగ్గర తెలిసిన మనిషి నిలబడాలని నాకు నేర్పింది బాపే. తువ్వాలను పగ్గంలా మెలిపెట్టి ఒక కొస మంచం కోడుకు కట్టి, రెండో కొస ఆయన చేతిలో పెట్టాను.

"బాపూ, నువ్వు పగ్గం గట్టిగ పట్టు. మైలెద్దు కాలు నేను జూస్త."

ఆయన చూపు నిలబడింది. పగ్గం రెండు చేతులా పట్టుకున్నాడు. "పైలంరా, తంతది."

నోటిదాకా వచ్చిన జోకును మింగేశాను. భుజం మీంచి నడుము, నడుము మీంచి తొడ, మోకాలు, పిక్క. నా చెయ్యి సాక్సు దాకా వచ్చేసరికి ఆయన దవడలు బిగుసుకున్నాయి, పగ్గం బిర్రుగా లాగుకుంది. తన్నలేదు. నా వైపు చూడకుండా మంచం కోడు వైపే చూస్తూ, కన్నీళ్లు కారుతుంటే, "ఊకో కొడుకా, ఊకో, అయిపాయె" అని ఎద్దును సముదాయిస్తున్నాడు.

సాక్సు కింద మడమ నల్లగా ఉబ్బి చీము పట్టింది. లోపల ఎప్పుడు దిగిందో, గాజుపెంకు.

ఆ సాయంత్రమే వేరే ఆస్పత్రిలో తీసేశారు. ఇంకొన్నాళ్లయితే పాదమే తీయాల్సి వచ్చేదన్నారు.

ఇప్పుడు బోధన్ రోడ్డు మీద ఆ బండ్ల వరుస లేదు, ఆ తీపి కమురు వాసన లేదు, ఎద్దు కుంటిందంటే బీడీ పారేసి దిగొచ్చే మనుషులు లేరు. పుండు మానుతున్నకొద్దీ బాపు కేకలు తగ్గాయి. రొట్టె పాలలో నానబెడితే తింటున్నాడు. నిన్న ఆయన కాలు ఒళ్లో పెట్టుకుని పిక్కలకు నూనె రాస్తూ, పాత అలవాటు ఊరుకోక, "ఏం పటేలా, మైలెద్దు ఎట్లున్నది?" అని అడిగాను.

బాపు నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు.

"ఏ ఎద్దురా? ఎడ్లనమ్మి ఎన్నేండ్లాయె! నీకేమన్న మతి దప్పిందా?"