ఓర్చుకోమన్న మాస్టారు

మా లంకలో బడి పెట్టిన మాస్టారు పోయారండీ. ఈ రోహిణి ఎండల్లో అర్జీ పట్టుకుని ఏలూరు వెళ్లిన మనిషి, వడదెబ్బ తగిలి అక్కడే ఓ సత్రం అరుగు మీద ప్రాణం వదిలారు. ఆకివీడు మీదుగా దోనెలో కబురొచ్చేసరికి నేను ఖాళీ చేపల బుట్టలు బోర్లిస్తున్నాను. ఏడుపు రాలేదు. ఏ మొహం పెట్టుకుని ఏడవను?

కొల్లేటి నడుమ మాది చేపలు పట్టుకు బతికే ఊరు. ఇక్కడ అక్షరం ముక్క వచ్చిన ఆడదాన్ని నేనొక్కదాన్నే. అదీ ఆయన చలవే. పలక మీద దిద్దించేటప్పుడు కూడా "కొమ్ము మరిచిపోయారండీ" అనేవారు. ఏడేళ్ల పిల్లకి అండీ ఏమిటి, విడ్డూరం కాకపోతే! మేం కిసుక్కుమని నవ్వేవాళ్లం. ఆయన పట్టించుకునేవారు కాదు.

సాయంత్రం రేవులో కూర్చుని, దారంతో కట్టుకున్న కళ్లజోడు సర్దుకుని, ఊరందరికీ పేపరు చదివేవారు. పోయినేడు నుంచీ ఒకటే గోల, ఆఫ్రికాలో అబిసీనియా అనే దేశం మీద ఇటలీ దండెత్తి, విమానాల్లోంచి బాంబులు కురిపిస్తోందని. జెనీవాలో దేశాల పెద్దలంతా కూడి, ఆగండి, ఓర్చుకోండి, చట్టం ఉంది అంటున్నారని. "ఇదివరకు ఇలా అడగడానికి ఓ చోటే లేదండీ. ఇప్పుడుంది" అని పొంగిపోయేవారు.

"అయితే విమానాలు ఆగాయా మాస్టారూ?" అనేవాడు మా ఆయన.

"ఆగుతాయండీ. కాస్త టైమివ్వాలి."

మా గొడవ ఈ వేసవిలో మొదలైంది. నీళ్లు తీశాక మాకూ అవతలి లంకకీ మధ్య ఒక్క పాయే మిగులుతుంది. చేపంతా అందులోకే దిగుతుంది. ఏటా రెండూళ్ల పెద్దలూ కలిసి హద్దు గుంజలు పాతడం, ఎవరి వైపు వాళ్లు చేపలు పట్టే వెదురు తడకలు కట్టుకోవడం ఆనవాయితీ. పోయిన వరదకి గుంజలు కొట్టుకుపోయాయి. హద్దు ఇక్కడంటే ఇక్కడని కర్రలు లేచాయి. మాస్టారు మధ్యలో నిలబడి, సర్వేయరు వచ్చేదాకా రెండు వైపులా తడకలు తీసేసేటట్టు ఒప్పించారు. "ముందు మనమే తీద్దామండీ. ముందు తగ్గినవాళ్ల పక్షాన న్యాయం ఉంటుంది" అన్నారు. అచ్చం జెనీవా పద్ధతే! మేం ఒక్క పూటలో పీకేశాం. వాళ్లు తీయలేదు సరికదా, పాయకి అడ్డంగా మా ఒడ్డుదాకా కట్టేసుకున్నారు.

మాస్టారు ఏలూరు కచేరీకి అర్జీ మీద అర్జీ రాశారు. చివరికొక జవాబొచ్చింది. విచారణ జరుగువరకు ఇరుపక్షములవారు శాంతము వహించవలెనట. మాస్టారు అది పైకి చదివి, మళ్లీ లోపల్లోపల చదువుకున్నారు. ఆ వారమే అబిసీనియా రాజధాని పడిపోయిందని పేపర్లో వచ్చింది. ఆ సాయంత్రం ఆయన చదవలేదు. పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

మా ఇంట్లో రెండు పూటలా గంజే. నాకు పాలు పడక చంటిది ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిపోయేది. మాస్టారు పలకరించడానికొస్తే గుమ్మంలోనే నిలబెట్టేశాను. "మీ జెనీవాని తీసుకెళ్లి కొల్లేట్లో ముంచండి. మీ చట్టం నా బిడ్డకి పాలిస్తుందా? మీకు దండం పెడతాను, మా ఊరివాళ్లకింక నీతులు చెప్పకండి" అన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకున్నారు.

"నిజమేనండీ. కానీ కర్ర ఎత్తాక ఎవరి మాటా చెవికెక్కదు. ఇంకొక్కసారి అడిగొస్తాను" అని, మంచినీళ్లన్నా అడక్కుండా మండుటెండలో దోనె ఎక్కారు. అదే వెళ్లడం.

ఆయనకి పిల్లల్లేరు. కర్మ మా ఊరివాళ్లే చేశారు. అది అయ్యేదాకా ఆగారు మగాళ్లు, ఆయన మీద గౌరవంతో. ఇవాళ పొద్దున్న ఈటెలు దోనెల్లో వేసుకున్నారు. నేను మొలలోతు నీళ్లలోకి దిగి మా ఆయన దోనె పట్టుకున్నాను. ఆగమన్నాను. చట్టం ఉందన్నాను. కాళ్లు పట్టుకుంటానన్నాను.

"మమ్మల్ని ఆపగలిగిన మనిషి ఒక్కరుండేవారు. ఆయన్ని గుమ్మంలోంచి పంపేసిందెవరే?" అన్నాడు.

నా చేతులు జారిపోయాయి. దోనెలు వరసగా పాయ మలుపు తిరిగాయి.

ఇది రాస్తుండగా ఒక్క దోనె తిరిగొస్తోంది. అందులో నిలబడి గెడ వేసి నడిపేవాళ్లెవరూ కనబడటం లేదు. మాదో కాదో ఇక్కణ్ణుంచి తెలియడం లేదండీ.