అత్త పెట్టని సంతకం

పోయిన సోమవారం పొద్దున ల్యాబులో ఉండగా ఫోనొచ్చింది, అత్త పోయిందని. వారం దినాలుగా జ్వరమంట, చిత్తూరు పెద్దాసుపత్రిలో ఉండిందంట. నాకెవరూ చెప్పలేదు. వాళ్ళ తప్పేం లేదు, నేనే అడగలేదు.

ఆమె నాకు చుట్టం కాదు. బంగారుపాళ్యం దగ్గర మేము పనిచేసే మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే ఆడోళ్ళల్లో అందరికంటే పెద్దది. అందరికీ అత్తే. పొద్దున రాగానే కొబ్బరినూనె సీసా తీసి, ముందు కొత్తగా వచ్చిన పిల్లల చేతులకు పూసి, మిగిలితే తను రాసుకునేది. "మామిడి సొన కంటికి కనపడదు మే, మంట పుట్టినాకే తెలస్తాది" అనేది.

నాది గుజ్జు తీపీ పులుపూ చూసే పని. మా షిఫ్ట్ మేనేజరు శాంపిల్ చూసే సాకుతో వచ్చి నా వెనక నిలబడేవాడు. మొదట భుజం మీద చెయ్యి. తర్వాత నడుము మీద. ఆ తర్వాత ఫోన్లో మెసేజీలు. రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు కుళాయి కాడ ఏడుస్తా ఉంటే అత్త చూసింది. అంతా విని, "ఇట్లాంటివి ఎవురికి చెప్పుకోవాల?" అనడిగింది. వేధింపుల మీద విచారించేదానికి కమిటీ ఉండాది, గేటు కాడ బోర్డు మీద పేర్లుంటాయి అన్నాను. చదవమనింది. ఇద్దరం పోయినాము. నాలుగో పేరు ఆమెదే.

ఆ సంగతి ఆమెకే తెలియదు. ఏటా ఆఫీసులోకి పిలిచి రిజిస్టర్లో సంతకం పెట్టించుకునేవాళ్ళంట. పీఎఫ్ కాగితాలనుకునింది. చదువు రాదు, పేరు మాత్రం రాస్తుంది. వాళ్ళకు అంతకంటే సరిపోయే మనిషి యాడ దొరుకుతుంది? మీ ఆఫీసు గోడ మీద కూడా ఇట్లాంటి బోర్డు ఉండే ఉంటుంది. అందులో పేర్లున్నోళ్ళకు ఆ సంగతి తెలుసో లేదో ఒకసారి అడిగి చూడండి.

నేను నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడినాను. అత్త మాత్రం కొంగు నడుముకు దోపుకునింది.

"నా పేరు రాసుకున్నారు కదా, అయితే నేను అడగాల్సిందే. నువ్వు కాగితం రాయి మే."

రాసినాను. మెసేజీలు జతచేసినాను. కమిటీ కూర్చునింది. కూర్చునింది అంటే, హెచ్చార్ సారు ముందే టైపు చేయించిన రిపోర్టు తెచ్చి బల్ల మీద పెట్టినాడు. కమిటీకి పెద్దగా ఉండే అకౌంట్స్ మేడం తలెత్తకుండా సంతకం చేసేసింది. నేను గోడ పక్కన నిలబడి ఉండాను. అత్త పెన్ను ముట్టుకోలేదు.

"ఇందులో ఏముండాదో చదవండి సార్."

"ఎప్పుడూ పెట్టేదే కదమ్మా, పెట్టు."

"ఇన్నేండ్లూ చదవకుండానే పెట్టినా. అదే నేను చేసిన తప్పు. ఈ పొద్దు చదవండి."

చదివినాడు. పని కోసం దగ్గరగా నిలబడితే అమ్మాయి అపార్థం చేసుకున్నదంట.

"ఫోన్లో రాసినవి గూడా పని కోసమేనా సార్?"

సారు కాగితాలు సర్ది, పెన్ను ఆమె ముందుకు తోసినాడు. అత్త లేచి నిలబడింది. "నాకు రాయడం వచ్చింది నా పేరొక్కటే. దాన్ని ఈ అబద్ధం కింద రాయను."

ఆ సంతకం లేకుండానే ఫైలు మూసేసినారు. నెల తర్వాత మేనేజరును వేరే ఊరి ఫ్యాక్టరీకి పంపినారు, ఇంకా పెద్ద హోదాలో. నన్ను కదిలించలేదు, నా దగ్గర మెసేజీలు ఉండాయి కదా. మరుసటి సీజన్‌కు కూలోళ్ళను కుదిర్చే మేస్త్రి కోత ఆడోళ్ళందరికీ పనికి రమ్మని కబురు చేసినాడు, అత్తకు తప్ప. వయసైపోయిందన్నాడు. ముందటేడు దాకా రాని వయసు ఆ ఒక్క చలికాలంలో వచ్చేసిందేమో.

నేను పోయి అడగొచ్చు. అడగలేదు. అమ్మ మందులు, తమ్ముడి చదువు, అన్నీ నిజమే. నా భయం వాటికంటే నిజం. ఒకసారి ఇంటికి పోతే సంగటి పెట్టి, "నువ్వు ఆడనే ఉండు మే. నువ్వు గూడా బయటికొస్తే ఇంక ఆ ల్యాబులో వాళ్ళిష్టమే కదా" అనింది. తిట్టి ఉంటే బాగుండేది. మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

సోమవారం పోయినాను. చాప మీద పడుకోబెట్టి ఉండారు. కోత ఆడోళ్ళల్లో ఒకామె నా పక్కన కూర్చుని, "పాపం, నోరు ఊరుకునుంటే పనన్నా మిగిలుండేది" అనింది.

"ఆ నోరు లేచింది నా కోసం" అన్నాను, అందరికీ వినపడేటట్టు. రెండేళ్ళ ముందు ఆఫీసులో అనాల్సిన మాట. మనిషి పోయినాక అంటే ఎవరికి పనికొస్తుంది?

పని పోయినాక అత్త హైవే పక్కన ఉడకబెట్టిన చెనక్కాయలు అమ్ముకునేది. మా కంపెనీ బస్సు రోజూ ఆ దోవనే పోయేది. బస్సు కనపడగానే లేచి చెయ్యెత్తేది. కొందరు అవతలి కిటికీ వైపు తిరిగేవాళ్ళు. నేను ఫోన్లోకి తల దించుకునేదాన్ని. ఒక సాయంత్రం మాత్రం బస్సు ముందుకు పోయినాక వెనక్కి తిరిగి చూసినాను. గిన్నెలోంచి లేస్తున్న ఆవిరి అవతల అత్త అట్లే నిలబడి ఉండాది. ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు.